నీడల సినిమాను చూడటం ఎలా: ఫిల్మ్ నోయర్‌కు మెట్టు మెట్టుగా ఒక దారి

మా చిన్నప్పుడు రాత్రిపూట కరెంటు పోతే అమ్మ బుడ్డి దీపం వెలిగించి నేల మీద పెట్టేది. గదిలోకి ఎవరు వచ్చినా వాళ్లకంటే ముందు వాళ్ల నీడ గోడ మీదికి పాకేది. మెడ దగ్గర విరిగి, పైకప్పు మీదికి వంగి, మనిషికి రెండింతలు అయ్యేది. దీపాన్ని తీసి గూట్లో పెట్టగానే అదే మనిషి మళ్లీ మామూలు మనిషి అయిపోయేవాడు. దీపం చోటు మారితే మనిషి మారిపోతాడని నాకు అప్పుడే తెలుసు. అమెరికాలో 1940ల మొదలు నుంచి 1950ల చివరి దాకా వచ్చిన కొన్ని వందల నేర కథల సినిమాలు ఈ సంగతి మీదే నిలబడ్డాయని తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. వాటినే ఫిల్మ్ నోయర్ అంటున్నాం.

నోయర్ చూద్దామని మొదలుపెట్టి రెండో సినిమాకే వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. కథ చిక్కుముడిగా ఉంటుంది, మాటలు వేగంగా ఉంటాయి, రంగు ఉండదు. అసలు ఇబ్బంది ఏమిటంటే, మనం సినిమా చూడటమంటే కథ వెంట పరిగెత్తడమే అనుకుంటాం. ఇక్కడ చెప్పే పద్ధతిలో ముందు దీపాన్ని చూస్తాం, కథ దాని వెనకే వస్తుంది. వారానికి ఒక సినిమా చొప్పున చూసుకుంటూ వెళ్లండి. తొందరేమీ లేదు.

మొదటి మెట్టు: గదిని, టీవీని సిద్ధం చేసుకోండి

ఈ పని చాలామంది చేయరు. సగం నోయర్ అక్కడే పోతుంది.

గదిలో లైట్లన్నీ ఆపేయండి. ట్యూబ్‌లైటు కింద చూస్తే తెర మీది నలుపు బూడిద రంగులోకి దిగిపోతుంది. ఆ నలుపులోనే సగం కథ ఉంది. టీవీ సెట్టింగుల్లో బ్రైట్‌నెస్ తగ్గించండి. ‘వివిడ్’, ‘డైనమిక్’ లాంటి పిక్చర్ మోడ్ ఉంటే తీసేసి ‘సినిమా’ లేదా ‘మూవీ’ మోడ్ పెట్టండి. కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, అది ఉంటే పాత సినిమా సీరియల్ లాగా కనిపిస్తుంది.

అప్పటి హాలీవుడ్ ఫ్రేము వెడల్పు, ఎత్తు కంటే 1.37 రెట్లు మాత్రమే. అందుకే మన టీవీలో అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి. అవి ఉండాల్సినవే. తెర నింపాలని జూమ్ చేస్తే పైనున్న సీలింగ్, కిందనున్న నీడ కోసుకుపోతాయి. రంగులద్దిన కాపీలు దొరికితే వాటి జోలికి పోకండి. రంగు వేసినవాళ్లు నీడలోకి కూడా రంగు పోశారు.

‘డీటూర్’ లాంటి కొన్ని సినిమాలకు అమెరికాలో కాపీరైట్ లేదు, కాబట్టి ఉచితంగా దొరుకుతాయి. ఉచితంగా దొరికే ప్రింట్లలో చాలావరకు అరిగిపోయి, మసకగా ఉంటాయి. ‘డీటూర్’ను 2018లో చక్కగా బాగుచేశారు, వెతికితే ఆ ప్రింటే దొరకబుచ్చుకోండి. సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి. అప్పటి అమెరికన్ యాస ఇప్పటి అమెరికన్లకే అర్థం కావడం కష్టం.

రెండో మెట్టు: పేరు ఎక్కడిదో తెలుసుకోండి

ఈ సినిమాలు తీసినవాళ్లెవరూ తాము నోయర్ తీస్తున్నామని అనుకోలేదు. స్టూడియో లెక్కల్లో అవి క్రైమ్ కథలు, థ్రిల్లర్లు, మెలోడ్రామాలు. పేరు పెట్టింది ప్యారిస్.

యుద్ధంలో జర్మన్లు ఫ్రాన్స్‌ను ఆక్రమించినన్నాళ్లూ అక్కడ కొత్త అమెరికన్ సినిమాలు ఆడలేదు. విముక్తి తర్వాత, 1946లో, నాలుగైదేళ్ల బాకీ ఒక్కసారి తీరినట్టు వరసగా వచ్చి పడ్డాయి. ‘ది మాల్టీస్ ఫాల్కన్’, ‘లారా’, ‘మర్డర్, మై స్వీట్’, ‘డబుల్ ఇండెమ్నిటీ’ కొద్ది వారాల తేడాలో తెరకెక్కాయి. అమెరికాలో వీటిని వేర్వేరు సమయాల్లో చూసినవాళ్లకు తెలియనిది, పక్కపక్కనే చూసిన ఫ్రెంచివాళ్లకు వెంటనే తెలిసింది: హాలీవుడ్ మనసు చీకటిపడింది. 1946 ఆగస్టులో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు వీటిని ‘ఫిల్మ్ నోయర్’ అన్నాడు, అంటే నల్ల సినిమా. ఫ్రెంచివాళ్లు ‘న్వార్’ అని పలుకుతారు. అంతకు ముందు ఏడాదే ప్యారిస్‌లో గలిమార్ ప్రచురణ సంస్థ ‘సెరీ నోయర్’ పేరుతో నేర నవలల వరస మొదలుపెట్టింది, కాబట్టి ఆ మాట అప్పటికే జనం నోట్లో ఉంది. 1955లో బోర్డ్, షోమెటాన్ అనే ఇద్దరు ఈ సినిమాల మీద మొదటి పుస్తకం రాశారు. అమెరికాలో ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది 1970లలోనే.

నోయర్ ఒక జానరా, ఒక శైలా, ఒక మూడ్ మాత్రమేనా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. మీరు దాని మీద సమయం పెట్టకండి. పది సినిమాలు చూశాక మీ జవాబు మీకే వస్తుంది.

మూడో మెట్టు: ‘డబుల్ ఇండెమ్నిటీ’ని రెండుసార్లు చూడండి

మొదలుపెట్టడానికి ‘ది మాల్టీస్ ఫాల్కన్’ (1941) మంచిదని చాలామంది చెబుతారు. జాన్ హ్యూస్టన్ మొదటి సినిమా, హంఫ్రీ బోగార్ట్‌ను నిలబెట్టిన సినిమా, గొప్ప సినిమానే. కానీ అందులో ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో లెక్క పెట్టుకోవడంలోనే కొత్త ప్రేక్షకుడు అలిసిపోతాడు. ‘డబుల్ ఇండెమ్నిటీ’లో (1944) ఆ బాధ లేదు. హంతకుడెవరో, ఎందుకు చంపాడో, చివరికి ఏం మిగిలిందో మొదటి పది నిమిషాల్లోనే అతనే చెప్పేస్తాడు.

బిల్లీ వైల్డర్ దర్శకుడు. జేమ్స్ ఎం. కెయిన్ రాసిన కథను వైల్డర్, రేమండ్ చాండ్లర్ కలిసి స్క్రీన్‌ప్లే చేశారు. దాని వెనక 1927లో న్యూయార్క్‌లో రూత్ స్నైడర్ అనే ఆవిడ ప్రియుడితో కలిసి భర్తను చంపిన నిజమైన కేసు ఉంది. ఆ భర్త పేరు మీద కూడా ఇన్సూరెన్స్ పాలసీ ఉంది. సినిమాలో వాల్టర్ నెఫ్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు కారు పాలసీ రెన్యువల్ కోసం ఒక ఇంటికి వెళ్తాడు. ఇంటాయన లేడు, భార్య ఫిలిస్ ఉంది. ప్రమాదంలో, అదీ రైలు ప్రమాదంలో చనిపోతే పాలసీ డబ్బు రెట్టింపు వస్తుంది. పేరు అక్కడి నుంచే వచ్చింది.

మొదటిసారి మామూలుగా చూడండి. నోట్సు వద్దు. రెండోసారి, రెండు మూడు రోజుల తర్వాత, ఈ నాలుగు చోట్ల ఆపి చూడండి.

నెఫ్ మొదటిసారి ఆ ఇంటి హాల్లో అడుగుపెట్టినప్పుడు: బయట కాలిఫోర్నియా ఎండ మండుతోంది, లోపల మాత్రం కిటికీకున్న చెక్క పలకల తెర గుండా వెలుగు చారలు చారలుగా పడుతోంది. ఆ చారలు అతని కోటు మీద జైలు ఊచల్లా పడతాయి. వాళ్లిద్దరి మధ్య నేరం మాట ఇంకా రానేలేదు! గాలిలో తేలే దుమ్మును గమనించారా? కెమెరామన్ జాన్ సైట్జ్ సన్నని అల్యూమినియం రజను గాలిలోకి ఊది దాన్ని పుట్టించాడు. ఆ ఇల్లు ఎన్నాళ్లుగానో గాలాడని ఇల్లని మాటల్లో చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

రెండోది, హత్య. కెమెరా హత్యను చూడదు. కారు నడుపుతున్న ఫిలిస్ ముఖాన్ని మాత్రమే చూస్తుంది. బార్బరా స్టాన్‌విక్ ముఖంలో ఒక్క కండరం కదలదు.

మూడోది, పని ముగించుకుని బయల్దేరబోతే కారు స్టార్ట్ కాదు. మీ మనసులో ఏం జరుగుతోందో అప్పుడు చూసుకోండి. స్టార్ట్ కావాలని మీరూ కోరుకుంటారు. ఇద్దరు హంతకుల పక్కన కూర్చుని వాళ్లతోపాటు టెన్షన్ పడుతున్నారు. ప్రేక్షకుణ్ని నేరంలో పొత్తు చేసుకోవడం నోయర్‌కు ప్రాణం.

నాలుగోది, అగ్గిపుల్లలు. నెఫ్ పై అధికారి కీస్ చుట్ట తాగుతాడు కానీ అతని దగ్గర అగ్గిపుల్ల ఎప్పుడూ ఉండదు. ప్రతిసారీ నెఫ్ బొటనవేలి గోటితో పుల్ల గీసి వెలిగిస్తాడు. చివరి సీన్లో ఎవరు ఎవరికి వెలిగిస్తున్నారో చూడండి. ఈ సినిమాలో నిజమైన ప్రేమ ఎవరిద్దరి మధ్య ఉందో నాకు అక్కడే అర్థమైంది.

ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చి ఒక్కటీ గెలవలేదు. నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

నాలుగో మెట్టు: దీపం ఎక్కడుందో వెతకండి

ఇదే అసలు మెట్టు. దీని మీద ఎక్కువ రోజులు ఉండండి.

సినిమా సెట్లో ఒక ముఖానికి మామూలుగా మూడు లైట్లు వాడతారు. కీ లైట్ ముఖాన్ని చూపిస్తుంది. ఫిల్ లైట్ ఆ కీ లైట్ వల్ల రెండో వైపు పడ్డ నీడను తగ్గిస్తుంది. బ్యాక్ లైట్ జుట్టు మీద, భుజం మీద మెరిసి మనిషిని వెనకున్న గోడ నుంచి విడదీస్తుంది. హాలీవుడ్ మ్యూజికల్‌లో మూడూ నిండుగా ఉంటాయి, ముఖం మీద నీడే కనిపించదు. నోయర్ కెమెరామన్ ఫిల్ లైటును బాగా తగ్గించేస్తాడు, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తాడు. ముఖం సగం ఉంటుంది, సగం ఉండదు. కీ లైటును కిందికి దింపితే కనుబొమ్మల నీడ నుదుటి మీదికి ఎగబాకుతుంది. మా ఇంట్లో బుడ్డి దీపం చేసిన పని అదే.

తేడా తెలియాలంటే ‘మాయాబజార్’ (1957) పక్కన పెట్టి చూడండి. అదీ బ్లాక్ అండ్ వైటే. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ అందులో పరిచిన వెన్నెల మెత్తగా, పాలనురుగులా ముఖాలకు అంటుకుని ఉంటుంది, ఎవరినీ అనుమానించదు. నోయర్‌లో వెలుగు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఒకే నలుపు తెలుపులతో రెండు లోకాలు.

ఇప్పుడు ఇంట్లో చేసి చూడండి, చదివితే రాని తెలివి చేతితో వస్తుంది. రాత్రి ఒక గది, ఒక స్నేహితుడు, ఒక టేబుల్ ల్యాంపు, రెండు ఫోన్లు చాలు.

ల్యాంపును స్నేహితుడికి ఒక పక్కగా, కంటి ఎత్తులో పెట్టండి. ఫోన్ కెమెరాలో బ్లాక్ అండ్ వైట్ పెట్టుకోండి. ముఖం మీద వెలుగు పడుతున్న చోట వేలితో తాకి, వెలుగును తగ్గించే గీతను కిందికి లాగండి. ఇది చాలా ముఖ్యం, లేకపోతే ఫోను తన తెలివితో చీకటిని వెలుగు చేసేస్తుంది. అయినా రెండో చెంప కనిపిస్తోందా? మన ఇళ్ల గోడలు తెలుపు, వెలుగు వాటికి తగిలి వెనక్కి వస్తోంది. ఆ వైపు ఒక నల్ల దుప్పటి వేలాడదీయండి. చెంప మాయమవుతుంది. సినిమావాళ్లు నల్ల అట్టలు, నల్ల బట్టలు అడ్డం పెట్టేది ఇందుకే.

కిటికీ చారలు కావాలంటే అట్టముక్కలో వేలెడు వెడల్పున పొడవాటి చీలికలు కోయండి. ల్యాంపు బదులు రెండో ఫోను టార్చి వాడండి. పాలరంగు బల్బు పెద్దది, దాని నీడ అంచు మసకబారుతుంది. టార్చి చిన్న చుక్క, అంచు పదునుగా వస్తుంది. టార్చి దూరంగా, అట్ట ముఖానికి దగ్గరగా ఉంటే చారలు ఇంకా పదునెక్కుతాయి. చివరగా టార్చిని నేల మీద పెట్టి స్నేహితుణ్ని దాని ముందు నడవమనండి.

ఈ ఒక్క సాయంత్రం తర్వాత మీరు ఏ సినిమా అయినా వేరేగా చూస్తారు. జాన్ ఆల్టన్ అనే హంగరీలో పుట్టిన కెమెరామన్ 1949లో వెలుగుతో బొమ్మ గీయడం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అతని ‘టి-మెన్’ (1947), ‘ది బిగ్ కాంబో’ (1955) చూడండి. ‘ది బిగ్ కాంబో’ చివర్లో పొగమంచు, ఒక లైటు, రెండు నల్లటి ఆకారాలు, అంతే. సెట్ కట్టడానికి డబ్బు లేనిచోట ఆల్టన్ చీకటినే సెట్‌గా వాడుకున్నాడు. మరో కెమెరామన్ నికొలస్ ముసురాకా పనితనానికి ‘అవుట్ ఆఫ్ ది పాస్ట్’ (1947) చూడండి. ప్రతి ఫ్రేములో వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో అడుగుతూ చూడండి: టేబుల్ ల్యాంపా, నెగడా, కారు హెడ్‌లైటా?

ఐదో మెట్టు: ఆ నీడలు ఎలా వలస వచ్చాయో చూడండి

హాలీవుడ్ ఈ నీడలను తనంతట తాను కనిపెట్టలేదు. 1920లో జర్మనీలో వచ్చిన ‘ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’లో వంకర గోడలు, వాటి మీద నీడలు రంగుతోనే గీసేశారు. మనసులోని వంకరను గోడల మీద చూపించడం అక్కడ మొదలైంది. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎమ్’లో పిల్లలను చంపేవాడు మొదట నీడగానే వస్తాడు, హంతకుణ్ని పట్టిస్తే బహుమతి ఇస్తామన్న పోస్టరు మీదే ఆ నీడ పడుతుంది. 1933లో హిట్లర్ వచ్చాక లాంగ్, వైల్డర్, రాబర్ట్ సియోడ్‌మాక్, ‘ఎమ్’లో హంతకుడిగా నటించిన పీటర్ లోరే, ఇలా ఎందరో దేశం విడిచి చివరకు కాలిఫోర్నియా చేరారు. ఒకప్పటి పొరుగువాడు రాత్రికి రాత్రి ప్రమాదకరంగా మారడం వాళ్లు కళ్లారా చూసినది. నోయర్‌లో ఎవరినీ నమ్మలేని ఆ భయం శైలిగా పుట్టలేదు, బతుకులోంచి వచ్చింది.

ఫ్రాన్స్‌లో మార్సెల్ కార్నే 1930ల చివర్లో తీసిన సినిమాల విషాదం రెండో పాయ. మూడో పాయ అమెరికాదే: చవక కాగితం మీద అచ్చయిన పల్ప్ పత్రికలు. 1920లో మొదలైన ‘బ్లాక్ మాస్క్’ పత్రికలో డాషియెల్ హ్యామెట్, చాండ్లర్ రాశారు. హ్యామెట్ స్వయంగా పింకర్టన్ సంస్థలో డిటెక్టివ్‌గా పనిచేసినవాడు. అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవల తెచ్చుకుని రాత్రంతా చదివినవాళ్లకు ఆ చవక కాగితం వాసన ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. యుగంధర్ మాత్రం నిఖార్సైన మంచివాడు. హ్యామెట్ డిటెక్టివ్‌ను అలా నమ్మలేం.

ఇక డబ్బు. యుద్ధ సమయంలో, 1942లో, కొత్త సెట్ల సామగ్రికి ఒక్కో సినిమాకు 5,000 డాలర్ల పరిమితి పెట్టారు. పైగా చాలా నోయర్‌లు డబుల్ ప్రోగ్రాంలో రెండో సినిమాగా వేసే చిన్న బడ్జెట్ బొమ్మలు. ఎడ్గార్ ఉల్మర్ ‘డీటూర్’ (1945) చూస్తే లేమి ఎలా అందంగా మారుతుందో తెలుస్తుంది. న్యూయార్క్ వీధి సెట్ లేదు, కాబట్టి వీధంతా పొగమంచు. హీరో తూర్పు నుంచి పడమరకు వెళ్తున్నాడు, మ్యాపులో లాగా తెర మీద కుడి నుంచి ఎడమకు కదలాలి. అందుకని కొన్ని షాట్లలో నెగటివ్‌నే తిప్పేశారు. కార్లు రోడ్డుకు ఎడమ పక్కన వెళ్తుంటాయి! మనకది మామూలుగా అనిపిస్తుంది, అమెరికాలో అది తలకిందులు. ఆ మనిషి బతుకు లాగే.

ఆరో మెట్టు: చెప్పకుండా చెప్పినవి వినండి

1934 నుంచి హాలీవుడ్‌లో ప్రతి స్క్రిప్టూ జోసెఫ్ బ్రీన్ ఆఫీసు దాటాలి. హేస్ కోడ్ అనే ఆ నియమావళి ప్రకారం నేరస్తుడికి శిక్ష పడి తీరాలి, అక్రమ సంబంధం ఆకర్షణీయంగా కనపడకూడదు. ‘డబుల్ ఇండెమ్నిటీ’ కథను 1930ల మధ్యలోనే స్టూడియోలు కొనాలని చూస్తే ఈ ఆఫీసు అడ్డం పడింది.

అడ్డం పడ్డచోట రచయితలు పక్కదారి వెతికారు. నెఫ్, ఫిలిస్ మొదటి సంభాషణ మళ్లీ వినండి. వాళ్లు మాట్లాడుకునేది స్పీడ్ లిమిట్ గురించి, ట్రాఫిక్ పోలీసు గురించి, టికెట్టు రాయడం గురించి. వింటున్న మనకు మాత్రం ఇంకేదో వినపడుతుంది. మన పాత జావళీలు, క్షేత్రయ్య పదాలు విన్న చెవికి ఈ విద్య కొత్త కాదు.

శిక్ష పడి తీరాలన్న నియమం వల్లే, అంతా అయిపోయాక హీరో వెనక్కి తిరిగి కథ చెప్పే పద్ధతి అంతగా అతికింది. ముగింపు ముందే తెలుసు, తప్పించుకోలేడు. ‘సన్‌సెట్ బులవార్డ్’లో (1950) చనిపోయినవాడే కథ చెబుతాడు. ‘డి.ఓ.ఎ.’లో (1950) ఒకడు పోలీస్ స్టేషన్‌కు వచ్చి ఒక హత్య గురించి ఫిర్యాదు చేస్తాడు, చనిపోతున్నది తానేనంటాడు. అయితే ఆ గొంతును పూర్తిగా నమ్మకండి. ‘డీటూర్’లో రెండు చావులూ తన తప్పు కాదని హీరో అంటాడు. మనం విన్నది అతని మాట ఒక్కటే. రెండోసారి చూసినప్పుడు నాకు సందేహం మొదలైంది, ఇప్పటికీ పోలేదు.

శబ్దం గురించి ఒక్క ఉదాహరణ. ‘ది బిగ్ కాంబో’లో ఒకడికి వినికిడి యంత్రం ఉంటుంది. చంపే ముందు దాన్ని చెవిలోంచి తీసేస్తారు. తర్వాత తుపాకీ మంటలు కనిపిస్తాయి, ఒక్క చప్పుడు వినిపించదు. ఇలాంటి చావు సీను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఏడో మెట్టు: ఆమె వైపు నుంచి చూడండి

నోయర్ గురించి రాసే ప్రతివాళ్లూ మగవాణ్ని నాశనం చేసే అందగత్తె గురించి రాస్తారు. ఫిలిస్ ఉంది, ‘అవుట్ ఆఫ్ ది పాస్ట్’లో జేన్ గ్రీర్ ఉంది. యుద్ధకాలంలో ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో పని చేసి సొంతంగా సంపాదించారు. తిరిగొచ్చిన సైనికులకు ఇంట్లో కనిపించినావిడ వెళ్లేటప్పుడు వదిలిన ఆవిడ కాదు. ఆ మగ భయం ఈ పాత్రల్లో ఉందన్నది నిజమే.

అక్కడే ఆగిపోతే సగం సినిమాలకు అన్యాయం చేసినట్టే. నికొలస్ రే తీసిన ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’ (1950) చూడండి. బోగార్ట్ కోపిష్టి సినిమా రచయిత, హత్య కేసులో అనుమానితుడు. పక్కింటి గ్లోరియా గ్రేయమ్ అతన్ని ప్రేమిస్తుంది, తర్వాత భయపడటం మొదలుపెడుతుంది. హత్య ఎవరు చేశారన్నది నెమ్మదిగా వెనక్కి పోయి, ఈ మనిషితో ఒకే ఇంట్లో ఎలా ఉండాలన్నది ముందుకు వస్తుంది. ఆ భయం తెలిసిన ఆడవాళ్లు మన చుట్టూ ఎందరో. నాకు అన్ని నోయర్‌లలోకీ ఇదే ఎక్కువ ఇష్టం.

ఆ తర్వాత ‘ది హిచ్-హైకర్’ (1953). ఆ కాలపు నోయర్‌లలో ఒక మహిళ, ఐడా లుపినో, దర్శకత్వం వహించినది. తమాషా ఏమిటంటే అందులో నాశనం చేసే అందగత్తె లేనే లేదు. కారులో ముగ్గురు మగవాళ్లు, ఒకడి చేతిలో తుపాకీ. మగవాళ్ల భయాన్ని అంత దగ్గరగా చూసిన సినిమా తక్కువ.

ఎనిమిదో మెట్టు: స్టూడియో దాటి ఊళ్లోకి రండి

యుద్ధం తర్వాత కెమెరాలు వీధుల్లోకి వచ్చాయి. జూల్స్ డసిన్ ‘ది నేకెడ్ సిటీ’ని (1948) న్యూయార్క్ వీధుల్లోనే తీశాడు. కెమెరా, ఎడిటింగ్ రెండింటికీ ఆస్కార్‌లు వచ్చాయి. కానీ 1947లో హాలీవుడ్‌లోని కమ్యూనిస్టుల మీద అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ విచారణలు మొదలయ్యాయి, డసిన్ పని ఇవ్వకూడనివాళ్ల బ్లాక్‌లిస్టులో పడ్డాడు. లండన్‌లో ‘నైట్ అండ్ ది సిటీ’ (1950) తీశాక యూరప్‌లో ఏళ్ల తరబడి పని దొరకలేదు. 1955లో ప్యారిస్‌లో ‘రిఫిఫీ’ తీశాడు. అందులో నగల షాపు దోపిడీ దాదాపు అరగంట, ఒక్క మాట లేదు, సంగీతం లేదు. తెర మీద ఎవరూ ఎవరికీ దొరక్కూడదని పళ్లు బిగబట్టి పని చేస్తుంటారు. తీసినవాడి పరిస్థితి తెలిసి చూస్తే ఆ నిశ్శబ్దం ఇంకోలా వినిపిస్తుంది.

కెరోల్ రీడ్ ‘ది థర్డ్ మ్యాన్’ (1949) వియన్నా శిథిలాల్లో తీసినది. యుద్ధం గెలిచిన నాలుగు దేశాలు నాలుగు ముక్కలుగా పంచుకున్న ఊరు. రాళ్లు పరిచిన వీధులను నీళ్లతో తడిపి తీశారు, అందుకే ప్రతి రాయీ మెరుస్తుంది. కెమెరా పక్కకు ఒరిగి ఉంటుంది. ఆర్సన్ వెల్స్ పాత్ర చాలాసేపటి దాకా రాదు. ఒక గుమ్మంలో నీడ, కాళ్ల దగ్గర పిల్లి, ఎదురింటి కిటికీలో లైటు వెలగగానే ముఖం. దీపం వెతకడం అలవాటైనవాళ్లకు ఆ క్షణం పండుగ.

తొమ్మిదో మెట్టు: చివరి ఏళ్లు, ఆ తర్వాత

చాలామంది వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’తో (1958) అసలు కాలం ముగిసిందంటారు. మొదటి షాటు కట్ లేకుండా మూడు నిమిషాలు దాటుతుంది. వెల్స్ రాసిన 58 పేజీల నోటు ప్రకారం 1998లో మళ్లీ ఎడిట్ చేసిన వెర్షన్ ఉంది, అదే చూడండి. 1950ల చివరికి టీవీ ఇళ్లలోకి వచ్చింది, రంగు సినిమా పెరిగింది, చిన్న బడ్జెట్ సినిమాకు చోటు పోయింది. రంగులో కూడా ఈ మనసు బతకగలదని చూడాలంటే ‘చైనాటౌన్’ (1974) చాలు. అందులో చీకటి లేదు, కళ్లు చిట్లించే ఎండ ఉంది. నీళ్ల కోసం ఊరిని దోచుకునే పెద్దమనుషుల కథకు ఆ ఎండే సరిపోయింది.

పదో మెట్టు: మన దగ్గరి నీడలు

గురుదత్ మొదటి సినిమా ‘బాజీ’ (1951) చూడండి. దేవానంద్ జూదగాడు, ఒక క్లబ్బు, నీడలో కూర్చుని మాట్లాడే యజమాని. నోయర్ పోకడలకు పాటలు అడ్డం రాలేదు సరికదా, క్లబ్బు పాటే హెచ్చరిక అయింది. తర్వాత ‘ఆర్ పార్’ (1954), రాజ్ ఖోస్లా ‘సి.ఐ.డి.’ (1956). గురుదత్‌తో కలిసి పనిచేసిన కెమెరామన్ వి.కె. మూర్తి వెలుగును ఎలా వాడాడో నాలుగో మెట్టులో నేర్చుకున్న కంటితో చూడండి.

మద్రాసులో వీణ ఎస్. బాలచందర్ తీసిన తమిళ సినిమా ‘అంద నాళ్’ (1954) ఇంకా సాహసం. పాట లేదు, డాన్స్ లేదు, ఫైటింగ్ లేదు. జపాన్ బాంబులకు భయపడి ఊరు ఖాళీ అవుతున్న రోజుల మద్రాసులో ఒక హత్య, ఒక్కొక్కరి నోట ఒక్కో కథ. శివాజీ గణేశన్ అందులో మనం ప్రేమించదగ్గ హీరో కాదు.

మన రామ్ గోపాల్ వర్మ హిందీలో తీసిన ‘సత్య’ను (1998) చివరగా పెట్టుకోండి. ‘ది థర్డ్ మ్యాన్’ చూసిన వారంలోనే చూస్తే మంచిది. వియన్నాలో వీధుల మెరుపు కోసం నీళ్లు చల్లాల్సి వచ్చింది, ముంబైలో ఆ పని వాన చేసింది. రెండింటిలోనూ తడి నేల మీద పడ్డ వెలుగును ఆపి ఆపి చూడండి, ఏ దీపం నుంచి వస్తోందో మీరే చెప్పగలుగుతారు.